‘తెలియదు’ అనడం నేర్పే డాక్టరు చదువు

మెడికల్ కాలేజీల్లో ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్: మన పిల్లలకు దానితో ఏం పని?



"మా అమ్మాయిని డాక్టర్ చేయాలనుకుంటున్నాం. ఇప్పటినుంచే ఏం చదివించమంటారు?" ఆరో తరగతి పిల్లల తల్లిదండ్రులు కూడా అడిగే ప్రశ్న ఇది. ఫౌండేషన్ కోర్సు, మాక్ టెస్టులు, నీట్ సిలబస్ గురించి మీటింగుల్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈ నెల ఒక మెట్టు పైకెక్కి చూద్దాం. సీటు వచ్చాక మెడికల్ కాలేజీలో చదువు ఎలా ఉంటుంది? అక్కడ పిల్లల నుంచి ఏం ఆశిస్తారు? దానికి మనం ఇంట్లో ఏ అలవాటు చేయాలి?

దీనికి ప్రపంచంలోని చాలా మెడికల్ కాలేజీలు వాడుతున్న ఒక పద్ధతి బాగా జవాబు చెబుతుంది. దాని పేరు ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్. తెలుగులో సమస్య ఆధారిత అభ్యసనం అనవచ్చు. క్లుప్తంగా పీబీఎల్ అంటారు. ముందు పాఠం చెప్పి, ఆ తర్వాత లెక్కలు ఇవ్వడం మనకు అలవాటైన వరస. పీబీఎల్‌లో ఈ వరస తిరగబడుతుంది. ముందు సమస్య ఇస్తారు. దాన్ని విప్పడానికి ఏ పాఠం కావాలో పిల్లలే కనిపెట్టి చదువుకోవాలి.

వినడానికి చిన్న మార్పులా ఉంటుంది. ఒక ఉదాహరణతో చూస్తే ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది.

మిరప చేలో పడిపోయిన రైతు

మెడికల్ కాలేజీ మొదటి ఏడాది విద్యార్థులు ఎనిమిది మంది ఒక బల్ల చుట్టూ కూర్చున్నారనుకోండి. వాళ్లకు ఒక కాగితం ఇచ్చారు. ఇది మేం ఊహించి రాసిన కేసు. అందులో ఇలా ఉంది:

"42 ఏళ్ల రైతు ఉదయం ఎనిమిది గంటల నుంచి మిరప చేలో మందు కొడుతున్నాడు. మధ్యాహ్నానికి వాంతులు మొదలయ్యాయి. ఒళ్లంతా చెమట, నోటి నుంచి చొంగ, కళ్ల నుంచి నీళ్లు. చూపు మసకగా ఉందన్నాడు. ఆస్పత్రికి తెచ్చేసరికి కనుపాపలు సూదిమొనంత చిన్నవిగా ఉన్నాయి. నాడి నిమిషానికి 48. చేతి కండరాలు వాటంతట అవే అదురుతున్నాయి. ఊపిరి తీస్తుంటే గురగుర శబ్దం వస్తోంది."

అంతే. కింద ప్రశ్నలు లేవు, నాలుగు ఆప్షన్లు లేవు. వీళ్లకు ఇంకా నాడీ వ్యవస్థ పాఠం కూడా చెప్పలేదు.

వాళ్లు ఏం చేస్తారు? ముందుగా తెలియని మాటలను విడదీస్తారు. నాడి 48 అంటే తక్కువా, ఎక్కువా? పెద్దవాళ్లకు సాధారణంగా 60 నుంచి 100 మధ్య ఉంటుందని ఒకరు గుర్తుచేస్తారు. తర్వాత ఊహలు మొదలవుతాయి. "ఎండదెబ్బేమో" అని ఒకరంటారు. "ఎండదెబ్బయితే నాడి వేగంగా కొట్టుకోవాలి కదా, ఇక్కడ నెమ్మదించింది" అని ఇంకొకరు అడ్డు చెబుతారు. "గుండెపోటు?" అంటే, "మరి చొంగ ఎందుకు, కనుపాప ఎందుకు చిన్నదయింది?" అనే ప్రశ్న వస్తుంది. "పురుగుమందు ఒంట్లోకి వెళ్లింది" అని ఒకరు గట్టిగా చెబుతారు. నిజమే అనిపిస్తుంది. కానీ పక్కనే కూర్చున్న అమ్మాయి అడుగుతుంది: "ముఖానికి మందు తగిలితే కళ్లు మండాలి, సరే. గుండె ఎందుకు నెమ్మదించింది? కన్నుకూ, నోటికీ, గుండెకూ, చేతి కండరానికీ కలిపే దారం ఏది?"

ఎవరికీ తెలియదు. ఒక విద్యార్థి బోర్డు మీద ఆ ప్రశ్నను అలాగే రాస్తాడు. పీబీఎల్‌లో అసలు చదువు ఇక్కడ మొదలవుతుంది. బోర్డు మీద ఉన్న ‘తెలియదు’ల పట్టికే వాళ్ల సిలబస్.

రెండు మూడు రోజులు వాళ్లు లైబ్రరీలో, పుస్తకాల్లో వెతుకుతారు. మళ్లీ కలిసినప్పుడు దారం దొరుకుతుంది. మన నరాల చివర ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, "పనిచెయ్యి" అని గ్రంథులకూ కండరాలకూ కబురు చెబుతుంది. కొన్నిచోట్ల, ఉదాహరణకు గుండె దగ్గర, "నెమ్మదించు" అని చెబుతుంది. కబురు అందగానే ఒక ఎంజైమ్ ఆ రసాయనాన్ని ముక్కలు చేస్తుంది. ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుమందులు ఆ ఎంజైమ్‌ను పనిచేయనివ్వవు. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకే చెమట, చొంగ, కన్నీరు ఆగవు. కనుపాప ముడుచుకుంటుంది. గుండె నెమ్మదిస్తుంది. కండరాలు అదురుతాయి. అట్రోపిన్ ఇంజెక్షన్ ఎందుకు ఇస్తారో, అది చెమటనూ ఊపిరితిత్తుల్లో చేరే నీటినీ తగ్గించినా కండరాల అదురును ఎందుకు ఆపలేదో కూడా అప్పుడు అర్థమవుతుంది.

ఒక్క రైతు కేసుతో కంటి నిర్మాణం, గుండె లయ, నరాల పనితీరు, ఎంజైములు, మందులు అన్నీ ఒకే ముడిలో వచ్చాయి. విడివిడిగా చదివితే ఇవి నాలుగు సబ్జెక్టులు, నాలుగు పుస్తకాలు. చివర్లో ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఆ రైతు మాస్కు, గ్లవ్స్ లేకుండా ఎందుకు మందు కొట్టాడు? మండుటెండలో గ్లవ్స్ వేసుకుంటే చేతులు ఉడికిపోతాయి, సీసా మీద ఉన్న చిన్న అక్షరాలు చదవడం కష్టం, గాలి ఎటు వీస్తోందో చూసుకోమని చెప్పేవాళ్లు లేరు. ఇదీ వైద్యంలో భాగమే.

గమనిక: ఇది చదువు పద్ధతిని వివరించే ఉదాహరణ మాత్రమే. నిజంగా ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయండి. మందు సీసాను కూడా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

ఏడు మెట్లు

పై చర్చ ఇష్టం వచ్చినట్టు సాగే కబుర్ల కార్యక్రమం కాదు. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీ దీనికి ఏడు మెట్ల క్రమాన్ని పాటిస్తుంది.

1. తెలియని పదాలను తేల్చుకోవడం.
2. అసలు సమస్య ఏమిటో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పడం.
3. తమకు ఇప్పటికే తెలిసినదాన్ని బట్టి కారణాలు ఊహించడం.
4. ఆ ఊహలను ఒక క్రమంలో పెట్టడం, ఏది దేనికి అతుకుతుందో చూడటం.
5. తమకు ఏం తెలియదో ప్రశ్నలుగా రాసుకోవడం.
6. ఎవరికి వారు చదువుకోవడం.
7. మళ్లీ కలిసి, చదివినదాన్ని ఒకరికొకరు చెప్పుకుని, సమస్యకు అన్వయించడం.

మొదటి అయిదు మెట్లు ఒక సమావేశంలో అయిపోతాయి. ఏడోది కొన్ని రోజుల తర్వాత ఇంకో సమావేశంలో. గ్రూపులో ఒక విద్యార్థి చర్చను నడుపుతాడు, ఇంకొకరు బోర్డు మీద రాస్తారు. టీచర్ ఉంటారు. ఆమెను ట్యూటర్ అంటారు. జవాబు చెప్పడం ఆమె పని కాదు. చర్చ దారి తప్పుతుంటే "ఆ మాటకు ఆధారం ఏమిటి?" అని అడగడం, ఎవరైనా మౌనంగా ఉండిపోతే వారిని మాట్లాడించడం, ముఖ్యమైన అంశం జారిపోతుంటే తిరిగి లాక్కురావడం ఆమె పని. చూడటానికి తేలికగా ఉండే ఈ ఉద్యోగం నిజానికి లెక్చర్ ఇవ్వడం కన్నా కష్టం.

ఇది ఎక్కడ పుట్టింది?

కెనడాలోని హామిల్టన్ నగరంలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ ఉంది. అక్కడ 1960లలో కొత్తగా మెడికల్ కాలేజీ పెట్టారు. మొదటి డీన్ జాన్ ఎవాన్స్, ఆయన సహచరులు పాత కాలేజీల నమూనాను పక్కనపెట్టారు. 1969లో 20 మంది విద్యార్థులతో మొదటి బ్యాచ్ మొదలైంది. రెండేళ్లు పుస్తకాలు, ఆ తర్వాత రోగులు అనే గోడ అక్కడ లేదు. తొలి రోజుల నుంచే చిన్న గ్రూపులు, రోగుల సమస్యలు.

ఆ కాలేజీలో తర్వాత చేరిన న్యూరాలజిస్ట్ హోవర్డ్ బారోస్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన రూపం ఇచ్చినవారిలో ముఖ్యుడు. ఆయన్ని తొలిచిన సంగతి ఇది: మొదటి ఏళ్లలో పరీక్షలు బాగా రాసిన విద్యార్థులే, రోగి ముందు నిలబడ్డాక చదివినది వాడలేకపోతున్నారు. తెలియక కాదు. తెలిసినది అవసరమైన చోట గుర్తుకు రాక. ఆరోగ్యవంతులకు శిక్షణ ఇచ్చి రోగుల్లా నటింపజేసి, విద్యార్థులను పరీక్షించే పద్ధతిని 1960లలోనే మొదలుపెట్టినవారు కూడా ఆయనే. ఇప్పుడు అది ప్రపంచమంతా ఉంది.

1974లో మాస్ట్రిక్ట్ మెడికల్ కాలేజీ ఈ దారి పట్టింది. 1985లో అమెరికాలోని హార్వర్డ్ మెడికల్ స్కూల్ ‘న్యూ పాత్‌వే’ పేరుతో సమస్యల చుట్టూ తిరిగే చదువును తెచ్చింది. ఆ తర్వాత చాలా దేశాల్లోని కాలేజీలు పూర్తిగానో, కొంతగానో దీన్ని తీసుకున్నాయి.

ముందు ఊహిస్తే ఎందుకు బాగా గుర్తుంటుంది?

మాస్ట్రిక్ట్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త హెంక్ ష్మిట్, ఆయన సహచరులు 1980లలో ఒక చక్కని ప్రయోగం చేశారు. విద్యార్థులకు ఒక చిన్న సమస్య ఇచ్చారు: ఎర్ర రక్తకణాన్ని మంచినీళ్లలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది, ఉప్పునీళ్లలో వేస్తే ముడుచుకుంటుంది. ఎందుకు? కొందరు గ్రూపుగా కూర్చుని దీన్ని చర్చించారు. పుస్తకం చూడలేదు, టీచర్ చెప్పలేదు. వాళ్ల ఊహల్లో కొన్ని తప్పులు కూడా ఉన్నాయి. తర్వాత అందరికీ ఆస్మాసిస్ గురించిన పాఠం చదవడానికి ఇచ్చారు. ఆ రక్తకణం సమస్యను ముందే చర్చించినవారికి, చర్చించనివారి కన్నా ఆ పాఠం ఎక్కువ గుర్తుంది.

పాఠం అందరికీ ఒకటే. తేడా అంతకు ముందు జరిగిన ఆలోచనలో ఉంది. పాత జ్ఞానం ఒకసారి కదిలితే, కొత్తది అతుక్కోవడానికి చోటు దొరుకుతుంది.

ఇదే ఆస్మాసిస్ మన వంటింట్లో ప్రతి వేసవిలోనూ జరుగుతుంది. మాగాయ పెట్టేటప్పుడు మామిడికాయ ముక్కల్లో ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడతాం. చుక్క నీరు పోయం. తడి తగలనివ్వం. మూడో రోజు మూత తీస్తే ముక్కలు మెత్తబడి, జాడీ నిండా ఊట! ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చింది?

మీ పిల్లవాడిని ఇది అడిగి చూడండి. "ఉప్పు కరిగి నీరయింది" అంటాడు చాలావరకు. వెంటనే "కాదురా, ఆస్మాసిస్" అనకండి. "సరే, ఒక గ్లాసులో ఉప్పు ఒక్కటే వేసి మూత పెట్టి మూడు రోజులు చూద్దాం" అనండి. "ముక్కలను ఇప్పుడు తూకం వేసి, ఊట పిండాక మళ్లీ వేద్దామా?" అని అడగండి. గ్లాసులో ఉప్పు ఉప్పుగానే ఉంటుంది, ముక్కల బరువు తగ్గుతుంది. అప్పుడు పుస్తకంలో ఆస్మాసిస్ పేజీ తీయండి. అంతవరకూ బట్టీ పట్టిన ఆ నిర్వచనం అతను తన కళ్లతో చూసినదానికి పేరవుతుంది.

అయితే ఇది మంత్రదండమా?

కాదు. ఈ మాట మీకు సూటిగా చెప్పాలి. ఎందుకంటే ‘యాక్టివిటీ బేస్డ్’, ‘ప్రాజెక్ట్ బేస్డ్’ అనే మాటలు ఇప్పుడు ప్రతి స్కూలు బ్రోచర్‌లోనూ కనిపిస్తున్నాయి. తల్లిదండ్రులుగా మీరు వాటిని తూచి చూడగలగాలి.

1993లో అమెరికాలో వెలువడిన రెండు పెద్ద సమీక్షలు అప్పటివరకు జరిగిన పరిశోధనలను పోగు చేసి చూశాయి. పీబీఎల్‌లో చదివినవారు చదువును ఎక్కువ ఇష్టపడ్డారు. రోగుల దగ్గర వారి పనితీరు ఇతరులతో సమానంగానో, కొంచెం మెరుగ్గానో ఉంది. బేసిక్ సైన్స్ పరీక్షల్లో మాత్రం కొన్నిచోట్ల వెనుకబడ్డారు. 2008లో సింగపూర్ పరిశోధకులు ప్రచురించిన సమీక్ష డాక్టర్లయ్యాక ఎలా ఉన్నారని చూసింది. అనిశ్చితిని తట్టుకోవడం, రోగితో మాట్లాడటం, తమంతట తాము చదువుకుంటూ ఉండటం వంటి విషయాల్లో పీబీఎల్ మేలు చేసిందని తేల్చింది. బోలెడంత సమాచారం తలకెక్కించడంలో అది గొప్పదని మాత్రం ఏ సమీక్షా గట్టిగా చెప్పలేదు.

2006లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ అనే ముగ్గురు పరిశోధకులు గట్టి విమర్శ చేశారు. కొత్తగా నేర్చుకునేవారికి పునాది లేకుండా, దారి చూపకుండా సమస్యను చేతిలో పెడితే బుర్ర వేడెక్కడమే తప్ప చదువు రాదన్నారు. పీబీఎల్‌ను సమర్థించేవారు దీనికి జవాబిస్తూ, మంచి పీబీఎల్‌లో ట్యూటర్ సాయం, మెట్ల క్రమం, పుస్తకాల జాబితా అన్నీ ఉంటాయని, దాన్ని గాలికొదిలేసిన చదువుతో కలపవద్దని అన్నారు. ఇద్దరి మాటల నుంచీ మనం తీసుకోవలసింది ఒకటే: సమస్య ఇచ్చి పిల్లల్ని వదిలేస్తే సరిపోదు, పక్కన దారి చూపే మనిషి ఉండాలి.

మెక్‌మాస్టర్ అనుభవం ఇంకా నేర్పుతుంది. అక్కడ మొదట్లో రాతపరీక్షలను దాదాపు పక్కనపెట్టారు. 1980ల చివరికి ఆ కాలేజీ విద్యార్థుల్లో కెనడా లైసెన్స్ పరీక్ష తప్పేవారు ఎక్కువయ్యారు. కాలేజీ కళ్లు మూసుకోలేదు. చర్చల పద్ధతిని ఉంచుకుంటూనే, 1990లలో మాస్ట్రిక్ట్ నుంచి ఒక పరీక్షను అరువు తెచ్చుకుంది. దాని పేరు ప్రోగ్రెస్ టెస్ట్. ఫలితాలు మెరుగయ్యాయి.

ఆ పరీక్ష గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. మాస్ట్రిక్ట్‌లో మొదటి ఏడాది విద్యార్థి నుంచి చివరి ఏడాది విద్యార్థి దాకా అందరూ ఒకే పేపర్ రాసేవారు, ఏడాదికి నాలుగుసార్లు. ప్రశ్నలు కోర్సు పూర్తిచేసినవారి స్థాయిలో ఉంటాయి. కాబట్టి ముందురోజు రాత్రి కూర్చుని దానికి చదవడం కుదరదు. తప్పు జవాబుకు మార్కు పోయేది. ప్రతి ప్రశ్నకూ ‘తెలియదు’ అనే ఆప్షన్ కూడా ఉండేది. దాన్ని ఎంచుకుంటే మార్కు వచ్చేది కాదు, పోయేది కాదు. మొదటి ఏడాది పిల్లలు ఎక్కువ ప్రశ్నలకు దాన్నే ఎంచుకునేవారు, అందులో సిగ్గేమీ లేదు. ఏడాదికేడాది ఆ ‘తెలియదు’లు తగ్గుతూ రావడమే ప్రగతి.

డాక్టరుకు ఇది ఎందుకంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. తెలియనిదాన్ని తెలిసినట్టు ఊహించి మందు రాసే డాక్టరు దగ్గరికి మనలో ఎవరూ వెళ్లాలనుకోం. "ఆగండి, ఇది చూసి చెబుతాను" అనే డాక్టరు మీద నమ్మకం పెరుగుతుంది.

మన ఎంబీబీఎస్‌లో ఏం మారింది?

మన దేశంలో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక 2019 బ్యాచ్ నుంచి మారింది. దీన్ని సామర్థ్యాల ఆధారిత వైద్యవిద్య అంటున్నారు. ఇది పూర్తి పీబీఎల్ కాదు, లెక్చర్లు ఇంకా ఉన్నాయి. కానీ దిశ అదే. మొదటి ఏడాది నుంచే రోగులను చూపించే ఎర్లీ క్లినికల్ ఎక్స్‌పోజర్ ఉంది. విద్యార్థి తనంతట తాను చదువుకోవడానికి టైమ్‌టేబుల్‌లోనే సెల్ఫ్ డైరెక్టెడ్ లెర్నింగ్ గంటలు కేటాయించారు. ‘ఎట్‌కామ్’ అనే భాగంలో ప్రవర్తన, నైతికత, మాట తీరు నేర్పుతారు. అందులో చిన్న గ్రూపుల్లో కేసుల మీద చర్చలుంటాయి. రోగి బంధువులకు చెడువార్త ఎలా చెప్పాలి వంటివి కూడా అభ్యాసం చేయిస్తారు.

కాబట్టి మీ అమ్మాయి రేపు ఎంబీబీఎస్‌లో చేరితే, "ఇంపార్టెంట్ క్వశ్చన్స్ ఇవ్వండి సార్" అని అడగడం ఒక్కటే సరిపోదు. తనకు ఏం తెలియదో తానే గుర్తించాలి. నలుగురిలో నోరు విప్పాలి. అవతలివాళ్లు తప్పు పడితే ఉడుక్కోకూడదు. నీట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్న పిల్లలు మొదటి ఏడాదిలో బిక్కమొహం వేయడానికి తెలివి తక్కువై కాదు. ఈ మూడింటికీ అంతకు ముందు అవకాశం దొరకక.

మరి నీట్ మాటేమిటి?

ఇది న్యాయమైన ప్రశ్న. నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. అందులో చర్చలకు చోటు లేదు. బయాలజీలో ఎన్‌సీఈఆర్‌టీ వాక్యం వాక్యం గుర్తుండాలి. అభ్యాసం, వేగం, రివిజన్ తప్పవు. పీబీఎల్ పేరు చెప్పి వాటిని తగ్గించమని మేం అనం.

కానీ ఒక్క సంగతి గమనించండి. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు మైనస్ 1, వదిలేస్తే సున్నా. అంటే నీట్ కూడా మీ పిల్లల్ని 180 సార్లు అడుగుతోంది: ఇది నీకు తెలుసా, తెలుసనుకుంటున్నావా? ఈ రెంటికీ తేడా తెలిసిన పిల్లలు మార్కులు కాపాడుకుంటారు. తమ ‘తెలియదు’ను గుర్తుపట్టే అలవాటు మెడికల్ కాలేజీకి ఎంత అవసరమో, ఆ కాలేజీ గేటు దాటే పరీక్షకూ అంతే అవసరం.

ఇంట్లో ఎలా మొదలుపెట్టాలి?

వారానికి ఒక్క సమస్య, అరగంట. అంతకు మించి అక్కర్లేదు. స్టడీ అవర్స్ తర్వాత అలసిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టి ఇంకో క్లాసు పెట్టకండి. భోజనాల దగ్గర, కారులో, ఆదివారం ఉదయం చాలు.

• 3 నుంచి 5 తరగతులు: ఒక చిన్న నోట్‌బుక్ ఇవ్వండి. రోజూ ఒక ‘ఎందుకు?’ రాయమనండి. జవాబు రాయనక్కర్లేదు. "వాన వచ్చే ముందు చీమలు బారులు ఎందుకు తీరతాయి?" లాంటిది ఏదైనా సరే. వారాంతంలో ఒక దాన్ని ఎంచుకుని కలిసి వెతకండి.

• 6 నుంచి 8 తరగతులు: ఈ నెల కరెంటు బిల్లు చేతికివ్వండి. "పోయిన నెల కన్నా ఎందుకు పెరిగింది?" అని అడగండి. ముందు ఊహలు రాయమనండి. ఫ్రిజ్జా, ఏసీయా, గీజరా, స్లాబు మారిందా? వారం రోజులు మీటర్ రీడింగ్ తనే రాసుకుంటే లెక్కలూ ఫిజిక్సూ అందులోనే వస్తాయి.

• 9, 10 తరగతులు: పైన చెప్పిన మాగాయ సమస్య. మామిడికాయ దొరకని నెలల్లో ఎండుద్రాక్షను మంచినీళ్లలో ఒకసారి, చిక్కటి పంచదార పాకంలో ఒకసారి నానబెట్టి చూడొచ్చు.

• ఇంటర్ విద్యార్థులు: మాక్ టెస్ట్ అయ్యాక తప్పులను మూడు గడుల్లో రాయమనండి. ‘నిజంగా తెలియదు’, ‘తెలుసనుకున్నాను’, ‘తెలుసు, తొందరపడ్డాను’. మొదటి గడికి పాఠం మళ్లీ చదవాలి. మూడో గడికి అభ్యాసం చాలు. రెండో గడి మీద మాత్రం ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. అక్కడ పిల్లలకు తప్పు అవగాహన ఉంది, దాని మీద నమ్మకమూ ఉంది. ఆ డౌట్లను లెక్చరర్ దగ్గరికి తీసుకెళ్లమనండి.

మీరు పాటించాల్సిన నియమాలు నాలుగే.

1. ముందు ఊహ, తర్వాత ఫోన్. గూగుల్‌నో చాట్‌జీపీటీనో అడగడానికి ముందు తన ఊహను కాగితం మీద రాయాలి.
2. ఊహ తప్పయితే నవ్వకండి. "అలా ఎందుకనిపించింది?" అని అడగండి.
3. మరీ ఇరుక్కుపోతే ఒక చిన్న సూచన ఇవ్వండి. పూర్తిగా వదిలేయడం కూడా పొరపాటే.
4. మీకు తెలియకపోతే ఆ మాటే చెప్పండి. "నాకూ తెలియదు నాన్నా, చూద్దాం పద" అని అమ్మో నాన్నో అంటే, ‘తెలియదు’ అనడంలో తప్పు లేదని పిల్లలకు వేరే పాఠం చెప్పనక్కర్లేదు.

ఇంకో చిన్న మార్పు. స్కూలు నుంచి రాగానే "ఎన్ని మార్కులొచ్చాయి?" అనే ప్రశ్న ఎలాగూ అడుగుతాం. దాని పక్కన ఇంకోటి చేర్చండి: "ఈరోజు క్లాసులో ఏం అడిగావు?" మొదటి వారం "ఏమీ లేదు" అనే జవాబే వస్తుంది. అడుగుతూనే ఉండండి.

మన టీచర్లను కూడా ఇలాగే అడగండి. వచ్చే పేరెంట్-టీచర్ మీటింగ్‌లో "మా వాడు క్లాసులో డౌట్లు అడుగుతాడా? అడిగితే మీరేం చేస్తారు? ప్రాజెక్ట్ వర్క్‌లో వాడు సొంతంగా ఆలోచించింది ఎంత, మేం ఇంట్లో చేసిపెట్టింది ఎంత?" అని అడిగే హక్కు మీకుంది. చార్టు అందంగా ఉందా అన్నదాని కన్నా ఆ జవాబు విలువైనది.

జవాబుల కీ లేని ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం గురించి మీరు వినే ఉంటారు. అక్కడ ఎంతోమంది రైతులు, కూలీలు కిడ్నీ జబ్బుతో బాధపడుతున్నారు. వారిలో చాలామందికి షుగర్, బీపీ వంటి మామూలు కారణాలు కనబడవు. నీరా, నేలా, ఎండలో చేసే చాకిరీయా, రసాయనాలా, వంశపారంపర్యమా? ఏళ్లుగా పరిశోధనలు జరుగుతున్నా, ఇదీ కారణమని ఖాయంగా తేలలేదు.

ఈ ప్రశ్నకు ఏ గైడులోనూ జవాబు లేదు, నాలుగు ఆప్షన్లు లేవు. రేపు దీని ముందు కూర్చోబోయేది ఇప్పుడు మన క్లాసుల్లో ఉన్న పిల్లలే. వాళ్లు నీట్ రాస్తారు, సీటు తెచ్చుకుంటారు, బోలెడంత నేర్చుకుంటారు. ఆ నేర్చుకున్నది అయిపోయిన చోట కంగారు పడకుండా, బోర్డు మీద ఒక ప్రశ్న రాసి, "ఇది మనకు తెలియదు, ఎక్కడ మొదలుపెడదాం?" అనగలిగేలా వాళ్లను పెంచడం మన చేతుల్లో ఉంది.

ఈ నెల సమస్య (8వ తరగతి, ఆ పైన)

చిన్నపిల్లకు విరేచనాలవుతున్నాయి. ఒంట్లో నీరు పోతోంది. "పోయింది నీరే కదా, మంచినీళ్లు తాగిస్తే చాలు" అంది పక్కింటి ఆవిడ. డాక్టరు మాత్రం ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఇచ్చారు. అందులో ఉప్పూ ఉంది, గ్లూకోజూ ఉంది. ఉప్పు ఎందుకు? తీపి ఎందుకు? రెండూ కలిపే ఎందుకు?

ముందు మీ ఇంట్లో అందరూ ఊహలు రాయండి. తర్వాత ‘మాకు తెలియనివి’ అని ఒక పట్టిక రాయండి. ఆ తర్వాతే పుస్తకం తెరవండి. ఊహలు, ప్రశ్నలు, దొరికిన జవాబు మూడింటినీ ఒక పేజీలో రాసి పిల్లల చేత సైన్స్ టీచర్‌కు పంపండి. ఊహలు తప్పయినా కొట్టేయకుండా అలాగే ఉంచండి. వచ్చే సంచికలో వివరంగా మాట్లాడుకుందాం.